కారు లీజుకా, సొంతానికా? నల్లగొండ, పాలమూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్కల్లోకి వెళ్లే ముందు ఒక మాట. ఇక్కడి లెక్కలన్నీ ఒకే ప్రాతిపదిక మీద వేసినవి: పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిలు 96, సీఎన్‌జీ కిలో 97, ఆన్‌రోడ్ ధర పది లక్షలయ్యే చిన్న పెట్రోలు కారు, ఏడాదికి 12,000 కిలోమీటర్ల తిరుగుడు. మీ బంకులో ధర వేరైనా, మీ తిరుగుడు వేరైనా అంకెలు మార్చుకోండి. లెక్క కట్టే పద్ధతి మారదు.

లీజు అంటే ఏమిటి? నెలనెలా కట్టే ఈఎంఐ లాంటిదే కదా?

కాదు. కౌలుదారుకు, పట్టాదారుకు ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ఈఎంఐ కట్టినవారికి చివరి కిస్తీ తరువాత కారు మిగులుతుంది. లీజు కట్టినవారు గడువు తీరగానే తాళం అప్పగించాలి, లేదా గడువు పొడిగించుకోవాలి, లేదా సంస్థ చెప్పిన ధరకు ఆ కారునే కొనుక్కోవాలి. గడువు సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లు. అద్దెలో ఇన్సూరెన్స్, సర్వీసింగ్, రోడ్డు పన్ను కలిపి ఉంటాయి. ఇంధనం ఎప్పుడూ మీదే. తయారీ కంపెనీలు ‘సబ్‌స్క్రిప్షన్’ పేరుతో ఇచ్చే పథకాలూ దాదాపు ఇవే. పేరు కొత్తది, సరుకు పాతది.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటే లీజుకు ఇస్తారా?

ఈ వ్యాపారం ప్రధానంగా పెద్ద నగరాలను నమ్ముకున్నది. కాబట్టి హైదరాబాద్ చిరునామా, అక్కడి ఉద్యోగం, జీతం పడే ఖాతా ఉన్నవారికి దారి సులువు. ఇచ్చారనే అనుకుందాం. అప్పుడు అడగవలసినవి వేరే ఉన్నాయి. సాగర్ రోడ్డు మీద మాల్ ఊరు దాటాక బండి ఆగిపోతే సహాయ వాహనం ఎంతసేపటికి వస్తుంది? అచ్చంపేటలో ఉన్నవారు సర్వీసింగ్ కోసం ఎక్కడిదాకా వెళ్లాలి? బండి షెడ్డులో ఉన్న వారం రోజులూ బదులు కారు ఇస్తారా? నగరంలో ఉండేవారికి ఇవి చిన్న ప్రశ్నలు. మనకు నెల అద్దె కన్నా ఇవే ముఖ్యం.

సరే, ఏది చౌక? అంకెల్లో చెప్పండి.

పది లక్షల కారు కొంటున్నారు. రెండు లక్షలు చేతి నుంచి, ఎనిమిది లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు. ఈఎంఐ సుమారు 16,600. నాలుగేళ్లు నడిపి అమ్మేద్దామనుకున్నారు. ఆ నాలుగేళ్లలో కట్టిన కిస్తీలు దాదాపు 7,97,000. మిగిలిన అప్పు తీర్చడానికి ఇంకో 1,90,000. డౌన్ పేమెంటు కలిపితే 11,87,000. మధ్యలో ఇన్సూరెన్స్ పునరుద్ధరణలకు 50,000, సర్వీసింగ్‌కు 45,000, ఒక టైర్ల సెట్టుకు 24,000 వేసుకోండి. మొత్తం 13,06,000. కారు అయిదున్నర లక్షలకు పోతే నికరంగా ఖర్చయినది 7,56,000. డౌన్ పేమెంటు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ నష్టం సుమారు 60,000 కూడా కలిపితే 8,16,000. దీన్ని 48 నెలలకు పంచితే నెలకు 17,000.

ఇదే కారుకు లీజు సంస్థ అన్నీ కలిపి నెలకు 24,000 అడిగిందనుకుందాం. నాలుగేళ్లకు 11,52,000. అంటే కొనడం కన్నా 3,36,000 ఎక్కువ. కారు అయిదున్నర లక్షలకు పోక నాలుగు లక్షలే పలికినా, సొంత కారు నెలకు 20,000 పైచిలుకు దగ్గరే ఆగుతుంది.

మీకు వచ్చిన కొటేషన్‌ను ఇలాగే పక్కన పెట్టి చూడండి. ఈ కారుకు నెల అద్దె పన్నుతో సహా 17,000 దగ్గర ఉంటే ఆలోచించవచ్చు. 20,000 దాటితే ఆ అదనపు డబ్బు దేనికి ఇస్తున్నారో మీకు స్పష్టంగా తెలియాలి. ‘పన్నుతో సహా’ అన్నది మరిచిపోవద్దు. ఆ కారు అమ్మకంపై ఎంత శాతం జీఎస్టీ ఉందో, అద్దెపైనా అంతే పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు అది 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించనివే చిన్న కార్లు. పెద్ద కార్లకు 40, విద్యుత్ కార్లకు 5. అంతకు ముందు తయారైన పాత రేటు పట్టికను ఎవరైనా మీ ముందు పెడితే దాన్ని తిప్పి పంపండి.

అంటే లీజు ఎవరికీ లాభం కాదా?

కొందరికి లాభమే. ఆ కొందరెవరో తెలుసుకోవాలి.

మొదటివారు పెద్ద కంపెనీల ఉద్యోగులు. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో గానీ, పోలేపల్లి సెజ్, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లో గానీ పనిచేస్తూ 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి యాజమాన్యమే లీజు ఏర్పాటు చేసే పద్ధతి ఉంది. అద్దె జీతం నుంచి ముందే పోతుంది. దాని బదులు ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించిన ఒక చిన్న మొత్తం మాత్రమే మీ ఆదాయంలో కలుస్తుంది. 1.6 లీటర్ల లోపు ఇంజిన్లకు ఆ మొత్తం తక్కువ, పైవాటికి ఎక్కువ. పన్ను ఆదా వల్ల పై లెక్క తలకిందులు కావచ్చు. కాకపోతే ఉద్యోగం మారిన రోజున ఆ లీజును కొత్త యాజమాన్యం తీసుకుంటుందా, మీరే జరిమానా కట్టి మూసేయాలా అన్నది సంతకానికి ముందే తేలాలి.

రెండోవారు ఏడాదికో రెండేళ్లకో బదిలీ మీద వచ్చి వెళ్లేవారు. కొని అమ్మితే మొదటి రెండేళ్ల తరుగుదలే వారిని ముంచుతుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమానులు, వ్యాపారులు తరచూ వినే మాట ఒకటుంది: ‘లీజుకు తీసుకుంటే జీఎస్టీ తిరిగి వస్తుంది.’ రాదు. పదమూడు సీట్ల లోపు ప్రయాణికుల వాహనాలకు, కొన్నా, లీజుకు తీసుకున్నా, సాధారణ వ్యాపారులకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు) లేదు. వ్యాపారానికి వాడిన మేరకు అద్దెను ఖర్చుగా చూపవచ్చు, నిజమే. సొంత కారుపైనా ఏటా 15 శాతం తరుగుదల, అప్పుపై వడ్డీ చూపవచ్చు. రెండూ మీ ఆడిటరు ముందు పెట్టి పోల్చండి. అమ్మేవారి మాట మీద కాదు.

మాది వ్యవసాయ కుటుంబం. డబ్బు వానాకాలం, యాసంగి పంటలు అమ్మినప్పుడే వస్తుంది. లీజు కుదురుతుందా?

వద్దు. లీజు అద్దె నెలనెలా ఒకే తేదీన ఖాతాలోంచి పోతుంది. వడ్ల డబ్బు పడేది ఆ తేదీ చూసుకుని కాదు. ఒక్క నెల తప్పితే చెక్ బౌన్సు రుసుము, ఆలస్య రుసుము, దాంతోపాటు మీ సిబిల్ స్కోరూ దెబ్బతింటాయి. కొన్ని ఫైనాన్స్ సంస్థలు రైతులకు ట్రాక్టర్లకు ఇచ్చినట్టే కార్లకూ మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కట్టే కిస్తీలు ఇస్తాయి. వడ్డీ కాస్త ఎక్కువైనా అదే మేలు. బత్తాయి తోటో, పత్తో ఉన్నవారికి కూడా ఇదే జవాబు.

లీజు కాగితంలో ఏమేమి చూడాలి?

అద్దె ఎంతో అందరూ చూస్తారు. మీ జేబు చిల్లు పడేది మిగతా పేజీల్లో.

ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అనుమతి, మించితే కిలోమీటరుకు ఎంత? నల్లగొండ నుంచి గానీ, మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. వారానికొకసారి పోయి వచ్చినా ఏడాదికి పది వేలు దాటుతుంది. దానికి పెళ్లిళ్లు, యాదగిరిగుట్ట, శ్రీశైలం, పొలం దగ్గరికి వెళ్లడం కలపండి. పరిమితి 15,000 ఉండి మీరు 22,000 తిరిగితే, మించిన ప్రతి కిలోమీటరుకు 8 రూపాయల లెక్కన ఏడాదికి 56,000 అదనం. ముందుగానే పెద్ద పరిమితి తీసుకుంటే ఇంతకన్నా చౌకగా పడుతుంది. ఏ ఏడాదికి ఆ ఏడాదే లెక్కిస్తారా, గడువు చివర మొత్తంగా లెక్కిస్తారా అని కూడా అడగండి. మొత్తంగా లెక్కించేదే మీకు మంచిది.

మధ్యలో తిరిగి ఇచ్చేస్తే ఎంత? కొన్ని ఒప్పందాల్లో మొదటి ఏడాదో, ఇంకా ఎక్కువో అసలు వదిలే వీలే ఉండదు.

అప్పగించేటప్పుడు గీతలు, సొట్టల లెక్క ఎవరు వేస్తారు? ‘సహజమైన అరుగుదల’ అన్న మాటకు కాగితం మీద కొలత ఉండాలి. కంకర రోడ్ల మీద, తుమ్మ కంపల మధ్య బాటల్లో తిరిగే కారుకు పక్కల గీతలు పడకుండా ఉండవు. తీసుకున్న రోజునే నాలుగు వైపులా, లోపలా వీడియో తీసి పెట్టుకోండి.

సర్వీసింగ్‌లో టైర్లు ఉన్నాయా, బ్యాటరీ ఉందా, బ్రేక్ ప్యాడ్లు ఉన్నాయా? ప్రమాదం జరిగితే మీ వాటా ఎంత? ఆర్‌సీ ఎవరి పేరున? నంబరు ప్లేటు తెల్లదా, నల్లదా? నల్ల పలక మీద పసుపు అక్షరాలంటే అది అద్దెకు ఇచ్చే వాణిజ్య వాహనం. ఇక బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయింది? వేరే రాష్ట్రం నంబరైతే పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచినప్పుడు తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్, జీవితకాల పన్ను సమస్య వస్తుంది. ఆ ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి.

కంపెనీ లీటరుకు 22 కిలోమీటర్లు అంది. నాకు 16 దాటదు. బండిలో లోపమా?

బహుశా కాదు. ఆ 22 ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, గరిష్ఠంగా గంటకు 90 కిలోమీటర్లు మించకుండా నడిపి తీసిన అంకె. ఏప్రిల్ ఎండలో నకిరేకల్ దాటుతూ ఏసీ ఆపి నడిపేవారెవరు?

వేగం ప్రభావం చాలామందికి తెలియదు. గాలి నిరోధం వేగం పెరిగిన నిష్పత్తిలో కాదు, దాని వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళితే గాలిని చీల్చడానికి పట్టే బలం దాదాపు 1.9 రెట్లు. విజయవాడ రహదారి మీద నిలకడగా 85 దగ్గర నడిపినవారికీ, 115 దగ్గర నడిపినవారికీ ఒకే కారులో లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్ల తేడా రావడం మామూలే.

మరో కారణం ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపినప్పుడు మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. ప్రభుత్వం ఒప్పుకున్నది కారును బట్టి 1 నుంచి 6 శాతం. దీనివల్ల 22 కాస్తా 21 కావచ్చు గానీ 16 కాదు. 2023 ఏప్రిల్ కన్నా పాత బండి కొంటున్నట్లయితే రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ20కి తగినవేనా అని మాన్యువల్‌లో చూడండి.

అసలు మైలేజీ తెలియాలంటే మీటరు చూపే అంకెను నమ్మకండి. ఒకే బంకులో, తుపాకీ దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, మూడు, నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే అలాగే నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి.

ఎక్కువ మైలేజీ ఇచ్చే మోడల్‌కు ఎంత అదనంగా పెట్టవచ్చు?

కిలోమీటర్ల తేడా చూసి మురిసిపోవద్దు, లీటర్లు లెక్కపెట్టండి. 12,000 కిలోమీటర్లకు 12 ఇచ్చే కారు వెయ్యి లీటర్లు తాగుతుంది, 16 ఇచ్చేది 750. ఆదా 27,000 రూపాయలు. అదే 20 నుంచి 24కి మారితే? 600 లీటర్లు 500 అవుతాయి. ఆదా 10,800 మాత్రమే. రెండు చోట్లా పెరిగింది నాలుగే, జేబులో మిగిలింది మాత్రం సగం కన్నా తక్కువ. 20 ఇచ్చే కారును కాదని 24 ఇచ్చే హైబ్రిడ్‌కు రెండు లక్షలు ఎక్కువ పెట్టేవారు ఆ డబ్బు వెనక్కి రావడానికి పద్దెనిమిదేళ్లు ఆగాలి.

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా?

పెట్రోలు కారు 16 ఇస్తే కిలోమీటరుకు 6.75 రూపాయలు. డీజిలు 20 ఇస్తే 4.80. ఆదా 1.95. డీజిలు మోడల్‌కు 1,20,000 ఎక్కువ పెట్టారంటే అది తిరిగి రావడానికి సుమారు 61,500 కిలోమీటర్లు నడవాలి. ఏడాదికి పది వేలు తిరిగేవారికి ఆరేళ్లు, పాతిక వేలు తిరిగేవారికి రెండున్నరేళ్లు. డీజిలు సర్వీసింగ్ ఖర్చు ఎక్కువన్నది ఇందులో కలపలేదు.

డబ్బు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు నిలకడైన వేగంతో నడవాలి. రోజూ నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్ దాకా పోయి వచ్చే కారుకు ఆ అవకాశం లేదు. మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది, తరువాత బిల్లు వెలుగుతుంది. ఊళ్లో తిరగడానికే అయితే డీజిలు మానండి.

సీఎన్‌జీ 22 ఇస్తే కిలోమీటరుకు 4.41. అదనపు ధర 95,000 అయితే నలభై వేల కిలోమీటర్లలో తిరిగి వస్తుంది. మీరు రోజూ వెళ్లే దారిలో పంపు ఉండాలి, డిక్కీలో స్థలం పోతుంది, మూడేళ్లకొకసారి సిలిండర్ పరీక్ష తప్పనిసరి. జాతీయ రహదారికి దూరంగా ఉన్న పల్లెలవారు వరుసలో నిలబడే గంటలను కూడా ధరలో కలుపుకోవాలి.

విద్యుత్ కారు?

ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోగలిగితే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. యూనిట్ 9 రూపాయలు, యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లని వేసుకున్న లెక్క ఇది. తెలంగాణ 2024 నవంబరులో తెచ్చిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము లేవు. పెట్రోలు కారుకు షోరూము ధర పది లక్షల లోపు ఉన్నా 14 శాతం దాకా రోడ్డు పన్నుకే పోతుంది. పది దాటితే పై శ్లాబు, అదీ దాటిన మొత్తానికి కాదు, పూర్తి ధరకు.

కారు కొని బ్యాటరీని మాత్రం అద్దెకు తీసుకునే పద్ధతిని ఎంజీ విండ్సర్ 2024లో కిలోమీటరుకు మూడున్నర రూపాయలతో మొదలుపెట్టింది. కరెంటు కలిపితే కిలోమీటరుకు ఐదు రూపాయలు. అంటే ఇంధనం ఆదాలో అధిక భాగం అద్దెకే పోతోంది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందేమో అడగకుండా సంతకం చేయకండి.

నిర్వహణకు ఏడాదికి ఎంత పక్కన పెట్టాలి?

చిన్న పెట్రోలు కారుకు మొదటి మూడేళ్లు ఏటా పది, పన్నెండు వేలు చాలు. ‘ఫ్రీ సర్వీసింగ్’ అంటే కూలి మాత్రమే ఉచితం. ఆయిలు, ఫిల్టర్ల డబ్బు మీదే. నాలుగో ఏడు నుంచి టైర్లు, బ్యాటరీ, బ్రేకులు వరుస కడతాయి. ఏడాదికి పాతిక వేలు అనుకోండి.

మన వాతావరణం వల్ల పెరిగే ఖర్చులు వేరే. నల్లగొండ వేసవిలో బ్యాటరీలు చల్లని ఊళ్లలో కన్నా ముందే పోతాయి. గాలి తక్కువున్న టైరు వేడి రోడ్డు మీద పేలే ప్రమాదం ఉంది; ఉదయం చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోండి. బోరు నీళ్లతో కారు కడిగి ఎండలో ఆరనిస్తే అద్దాల మీద తెల్ల మచ్చలు అంటుకుపోతాయి. ఆ నీళ్లనే రేడియేటర్‌లో పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంటు డబ్బాకు పెట్టే కొన్ని వందలు మిగుల్చుకుని ఇంజిన్ హెడ్ పని చేయించేవారు ప్రతి మెకానిక్ షెడ్డులోనూ కనిపిస్తారు.

ఎర్ర మట్టి దుమ్ములో తిరిగేవారు ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే చూపించాలి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గడ్డి మీదుగా పోవలసి వస్తే నెమ్మదిగా పోండి, ఆ గడ్డి మీద మాత్రం బండి ఆపకండి. కింద వేడెక్కిన సైలెన్సర్‌కు తగిలి అంటుకోవచ్చు. ధాన్యం నిల్వ ఉన్న ఇంటి దగ్గర పార్కింగ్ అయితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఆ నష్టం మీ పాలసీలో వస్తుందో లేదో ఇప్పుడే చదవండి.

ఇన్సూరెన్స్ విషయంలో లీజుకూ సొంతానికీ తేడా ఉందా?

ఉంది. క్లెయిమ్ లేని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 దాకా పెరుగుతుంది. అది కారుది కాదు, పాలసీదారుది. పాత కారు అమ్మినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. పాలసీ లీజు సంస్థ పేరున ఉంటే మీరు నాలుగేళ్లు ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ బోనస్ మీది కాదు.

టోలు వార్షిక పాసు లీజు కారుకు వస్తుందా?

2025 ఆగస్టు 15న మొదలైన పాసు ప్రైవేటు కార్లకే. అప్పటి ధర 3,000; ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. నల్ల పలక కారుకు రాదు. వారానికోసారి పంతంగి మీదుగానో, షాద్‌నగర్ దగ్గరి రాయకల్ మీదుగానో పోయి వచ్చేవారికి 104 సార్లు అవుతుంది, అంటే ఒక్కోసారికి 29 రూపాయలు. జాతీయ రహదారుల టోళ్లకే ఇది చెల్లుతుంది, రాష్ట్ర రహదారులకు కాదు.

ఢిల్లీ నంబరు డీజిలు కారు సగం ధరకు ఇస్తామంటున్నారు.

అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండ్లకు ఆంక్షలున్నాయి కాబట్టి చౌక. ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తెలంగాణ జీవితకాల పన్ను, కొత్త నంబరు, దళారి రుసుము, రవాణా ఖర్చు కలుస్తాయి. అవన్నీ కలిపాక కూడా ఇక్కడి కారు కన్నా బాగా తక్కువైతేనే మాట్లాడండి. రాయచూరు వైపు నుంచి కర్ణాటక బండి తెచ్చుకునే నారాయణపేట, మక్తల్ వారికీ ఇదే వర్తిస్తుంది.

తీరిక ఉన్నప్పుడు పెళ్లిళ్లకు కిరాయికి ఇస్తే ఈఎంఐ గడుస్తుందని మా బావ అంటున్నారు.

తెల్ల పలక కారును కిరాయికి తిప్పితే జరిమానా ఒకటే కాదు, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. లీజు కారైతే ఒప్పందమే రద్దు. బావగారికి టాక్సీ పర్మిట్ తీసుకోమనండి.

ఈఎంఐ తగ్గుతుందని ఏడేళ్ల అప్పు తీసుకోవచ్చా?

ఎనిమిది లక్షలకు ఐదేళ్లయితే నెలకు 16,600, మొత్తం వడ్డీ 1,96,000. ఏడేళ్లయితే నెలకు 12,870, వడ్డీ 2,81,000. నెలకు 3,700 తగ్గడానికి 85,000 అదనం. పైగా నాలుగో ఏట అమ్మాలనుకుంటే మిగిలిన అప్పు కారు విలువకు దగ్గరగా కూర్చుని ఉంటుంది. అంత ఈఎంఐ భారమనిపిస్తే చిన్న మోడల్‌కో, మూడు, నాలుగేళ్లు నడిచిన కారుకో దిగండి.

లీజు ముగిశాక ఆ కారునే కొనుక్కోవచ్చా?

ఒప్పందంలో ధర ముందే రాసి ఉంటే కొనుక్కోవచ్చు. ‘అప్పటి మార్కెట్ ధరకు’ అని ఉంటే అది మీ చేతిలో లేని ధర. కొనే ముందు ఆ వయసు, ఆ కిలోమీటర్ల కారు బయట ఎంత పలుకుతోందో రెండు చోట్ల అడగండి. మీరు నడిపిన కారు కాబట్టి దాని చరిత్ర మీకు తెలుసు. దానికి పది, ఇరవై వేలు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. ఆర్‌సీ బదిలీ, సంస్థ నుంచి ఎన్‌ఓసీ, మీ పేరున ఇన్సూరెన్స్ ఈ మూడూ పూర్తయ్యేవరకు చివరి వాయిదాను మీరు మొదట్లో కట్టిన డిపాజిట్‌లో సర్దుకోమని అడగండి. చాలా సంస్థలు మొదట కాదంటాయి. రెండోసారి కూడా అడగండి.